ఉప్మా, ఐదు బొమ్మలు, ఒక మరుగుదొడ్డి

హైదరాబాద్ దగ్గర్లోని 15 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మనింట్లో చేసుకునే బొంబాయి రవ్వ ఉప్మా కాదు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండికి సోయా నూనె చేర్చి వండినది. తల్లికి రోజుకు సుమారు 600 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. పిల్లలకు కేలరీలు అందులో సగం. ఉప్మాతో పాటే ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీ కేంద్రాలు నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకు నాలుగు మంచి మాటలు కూడా అందాయి. పక్కనే ఉన్న మరో 14 పల్లెలకు అప్పటికి ఆ పథకం ఇంకా చేరలేదు. జాతీయ పోషకాహార సంస్థ, అదే మన తార్నాకలోని ఎన్‌ఐఎన్, ఈ రెండు రకాల ఊళ్లనూ పోల్చి చూసింది. వాళ్లు అప్పుడు చూడాలనుకున్నది పుట్టే పిల్లల బరువు.

అసలు కథ పదిహేనేళ్ల తర్వాత మొదలైంది. 2003-05లో పరిశోధకులు మళ్లీ అవే ఊళ్లకు వెళ్లారు. అప్పటి పసిపిల్లలకు ఇప్పుడు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా ఊళ్ల పిల్లలు రెండో రకం ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. వేలెడు వెడల్పు కూడా లేని తేడా. ఇంత ఖర్చు పెట్టి సాధించింది ఇంతేనా అనిపిస్తుంది. కానీ రక్తపరీక్షల్లో ఇంకో సంగతి బయటపడింది. షుగర్ జబ్బుకు దారి తీసే ఇన్సులిన్ నిరోధకత ఈ పిల్లల్లో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. కడుపులో ఉన్నప్పుడూ, ఆ తర్వాత కొన్నేళ్లూ తిన్న తిండి గుండె మీద, చక్కెర మీద తన గుర్తు వదిలిందన్న మాట. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీన్ని ప్రచురించింది.

ఈ అధ్యయనంలో ఒక లోపముంది. ఏ ఊరికి పథకం ఇవ్వాలో చీటీ వేసి తేల్చలేదు. పథకం ఏ ఊరికి ముందు వచ్చిందో దాన్ని బట్టే పోలిక. అందుకే ఇది గట్టి రుజువు కాదనే నిపుణులున్నారు, వాళ్ల మాటలో న్యాయముంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం వేరే ప్రశ్న. ఆ తేడా తెచ్చింది ఉప్మానా, టీకాలా, కేంద్రానికి రోజూ వచ్చి పోయే అలవాటా? అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి విడదీసి చెప్పే వీల్లేదు. ‘సమగ్ర’ పథకాలన్నిటికీ ఉన్న చిక్కే ఇది. ఫలితం వస్తే ప్రతి ముక్కకూ పేరొస్తుంది. రాకపోతే ఇంకో రెండు ముక్కలు కలుపుతారు.

ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు అందులో ఆరు సేవలు: అదనపు ఆహారం, బడికి ముందు చదువు, పోషకాహారం గురించి చెప్పడం, టీకాలు, వైద్య పరీక్షలు, అవసరమైతే ఆస్పత్రికి పంపడం. అంటే పుట్టుకతోనే సమగ్రం. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని చేరాయో లెక్క తీయడం కష్టం. బాలామృతం వచ్చింది. తెలంగాణలో 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు. ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ పోషణ. ఇవన్నీ మంచివే, ఏదీ తీసేయమని నేననను. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం ఉంటే 2019-20 నాటికి 33 శాతానికి పెరిగారు. ఆంధ్రలో 31 శాతం దగ్గరే ఆగిపోయింది. పథకాల వల్లే ఇలా అయిందని ఎవరూ అనలేరు. పథకాలు ఎక్కువైతే గిడసబారిన పిల్లలు తగ్గుతారన్న నమ్మకానికి మాత్రం ఇది గట్టి దెబ్బే.

అన్నీ కలిపితే అన్ని రెట్లు మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నను నేరుగా, ఖరీదుగా పరీక్షించిన మూడు ట్రయల్స్ 2018-19లో ఫలితాలిచ్చాయి. బంగ్లాదేశ్‌లో 5,551 మంది, కెన్యాలో 8,246 మంది, జింబాబ్వేలో 5,280 మంది గర్భిణులను చేర్చుకున్నారు. ఇక్కడ చీటీ వేశారు. బంగ్లాదేశ్‌లో కొన్ని గుంపులకు నీళ్లలో క్లోరిన్ ఒక్కటే, కొన్నింటికి మంచి మరుగుదొడ్డి ఒక్కటే, కొన్నింటికి సబ్బుతో చేతులు కడుక్కునే ఏర్పాటు, కొన్నింటికి ఈ మూడూ, కొన్నింటికి పిల్లల తిండి ఒక్కటే, కొన్నింటికి అన్నీ. చేతులు కడుక్కోండని చెప్పి వదిలేయలేదు. ఊళ్లోనే ఉండే ఒక కార్యకర్త నెలకు సగటున ఆరుసార్లు ఇంటికొచ్చి మాట్లాడింది. ఆరుసార్లన్న మాట గుర్తుంచుకోండి.

బంగ్లాదేశ్‌లో ఏ సాయమూ అందని ఊళ్లలో విరేచనాలు పట్టుకున్న పిల్లలు 5.7 శాతం. మరుగుదొడ్డి ఒక్కటే ఇచ్చినచోట 3.5. చేతుల శుభ్రం ఒక్కటే అయితే 3.5. తిండి ఒక్కటే, 3.5. నీళ్లు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రం మూడూ కలిపితే 3.9. అన్నీ కలిపితే? మళ్లీ అదే 3.5. అంటే మొదటి ముక్క చేసిన మేలు మీద రెండోది, మూడోది, నాలుగోది ఏమీ అదనంగా చేయలేదు. కెన్యాలో అయితే విరేచనాలు అసలు తగ్గనే లేదు. అక్కడ కార్యకర్త వచ్చింది నెలకు సుమారు ఒక్కసారి. ఈ రెండు దేశాల తేడా అంతా ఆ రాకపోకల్లోనే ఉందని నేననను, నేలలూ నీళ్లూ వేరు. కానీ ఆ తేడాను పక్కన పెట్టే ధైర్యమూ నాకు లేదు.

ఎత్తు విషయంలో మూడు దేశాలూ ఒకే మాట చెప్పాయి. తిండి ఇచ్చినచోట పిల్లలు కొద్దిగా ఎదిగారు. నీళ్లు, మరుగుదొడ్డి, సబ్బు ఎత్తును కదిలించలేదు. వాటిని తిండికి జతచేసినా అదనపు లాభం లేదు. జింబాబ్వేలో ఏడాదిన్నర వయసుకు గిడసబారిన పిల్లలు తిండి అందనిచోట 35 శాతం, అందినచోట 27 శాతం. అక్కడ పిల్లలు మట్టి నోట్లో పెట్టుకోకుండా ఆడుకునే చాపలు, చుట్టూ దడి కూడా ఇచ్చారు. అయినా లాభం లేదు. కోళ్లు తిరిగే పెరట్లో, పశువులుండే వాకిట్లో ఒక ఇంటి మరుగుదొడ్డి ఆపగలిగే మురికి ఎంత? పల్లె వాకిలి చూసినవాళ్లకు ఈ ఫలితం అంత ఆశ్చర్యంగా ఉండదు. మన ఒడిశాలో 100 ఊళ్లలో జరిగిన ట్రయల్ కూడా 2014లో ఇలాంటి కబురే చెప్పింది. మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. విరేచనాలు, నులిపురుగులు, ఎత్తు, ఏదీ మారలేదు.

ఇవి చదివి, మరుగుదొడ్లు దండగని తీర్మానించేవాళ్లంటే నాకు చిరాకు. ఆడపిల్ల చీకటి పడేదాకా ఆగి పొలం గట్టుకు పోనక్కర్లేకపోవడం ఏ సెంటీమీటర్లతోనూ కొలిచే విషయం కాదు. మరుగుదొడ్డి కట్టడానికి అదొక్క కారణం చాలు. దాన్ని పిల్లల ఎత్తు పెంచే మందుగా అమ్మాలనుకోవడంలోనే పొరపాటుంది. ప్రతి మంచి పనినీ ఒకే సూచికకు కట్టేసి, అది కదలకపోతే పనినే అనుమానించడం మన దగ్గర ఎక్కువ.

ఇక మన నల్గొండ సంగతి. 2005-07 ప్రాంతంలో, అది ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడు, ఎన్‌ఐఎన్ 60 ఊళ్లలో 600 మంది తల్లీబిడ్డలతో ఒక ట్రయల్ చేసింది. 20 ఊళ్లకు మామూలు ఐసీడీఎస్. 20 ఊళ్లకు అదనంగా, పిల్లలకు ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎంత అన్న సలహాలు. మిగతా 20 ఊళ్లకు ఆ సలహాలతో పాటు బిడ్డ ఆకలిని ఎలా గుర్తించాలి, బలవంతంగా కుక్కకుండా ఎలా తినిపించాలి, ఎలా ఆడించాలి అన్నవి. ఆటకు ఐదు మామూలు బొమ్మలు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు.

సలహాలు అందిన రెండు రకాల ఊళ్లలోనూ పిల్లల తిండి మెరుగుపడింది. ఆటలు కూడా నేర్పినచోట పిల్లల మానసిక వికాసం స్కోరు పెరిగింది. ఎత్తులో చిన్న మెరుగు కనిపించింది మాత్రం తిండి గురించి మాత్రమే చెప్పిన ఊళ్లలో. తిండితో పాటు ఆటలూ చెప్పిన ఊళ్లలో ఆ మెరుగు లేదు! ఒకటి కలిపితే ఇంకోటి జారిపోయినట్టు. ఇది చిన్న తేడా, కాకతాళీయం కూడా కావచ్చు. నా ఊహ మాత్రం ఇది: తొమ్మిది నెలల బిడ్డను చంకనేసుకుని, పొయ్యి మీద అన్నం పెట్టి, పొలానికి పోవాల్సిన తొందరలో ఉన్న తల్లి ఒక పూటలో వినగలిగేది రెండు మాటలు, మహా అయితే మూడు. నాలుగోది చెప్పినప్పుడు మొదటిది మరచిపోతుంది. పదమూడో సందేశం రాసే అధికారికి ఇది అర్థం కాదు, ఆయన దగ్గర పవర్‌పాయింట్ ఉంటుంది.

కలపడం దండగ అని దీన్నుంచి తేల్చేయలేం. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1980ల చివర్లో 129 మంది గిడసబారిన పసిపిల్లలకు రెండేళ్లు పాలపొడి ఇచ్చారు, లేదా వారానికోసారి ఇంటికెళ్లి గంటసేపు తల్లితో కలిసి ఆడించారు, లేదా రెండూ చేశారు. ఆ రెండేళ్ల చివర్లో పిల్లల వికాసంలో రెండూ అందినవాళ్లే ముందున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆట అందినవాళ్ల సంపాదన 25 శాతం ఎక్కువ. పాలపొడి ప్రభావం మాత్రం అప్పటికి కనిపించలేదు. రెండే ముక్కలు, వారంవారం, గంటసేపు.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ చేసిందీ ఒక ప్యాకేజీయే. మన ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల అంచునే ఉంటుంది ఆ జిల్లా. 39 ఊళ్లలో ఊరికొక మహిళకు శిక్షణ ఇచ్చారు. కాన్పు దగ్గర ఉండటం, బిడ్డకు ఊపిరి ఆడకపోతే ఊదడం, వెచ్చగా చుట్టడం, తల్లి పాలు పట్టించడం, ఒంట్లో ఇన్ఫెక్షన్ సోకితే గుర్తుపట్టి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం. మొదట వెయ్యికి 62 మంది నవజాత శిశువులు చనిపోయే ఊళ్లలో మూడేళ్లలో ఆ సంఖ్య 25.5కు దిగింది. ఇక్కడ ప్రతి ముక్క వెనకా ఒక చావు కారణం ఉంది. ఏ బిడ్డ దేనితో పోతుందో ముందు లెక్క రాసుకుని, ఆ కారణాలకే విరుగుడు పెట్టారు. 2011లో కేంద్రం దీన్ని దేశమంతా ఆశాలకు అప్పగించింది. ఆస్పత్రిలో కాన్పయితే ఇంటికి ఆరుసార్లు వెళ్లాలి, 250 రూపాయలు ఇస్తారు. ఇంజెక్షన్ అధికారం మాత్రం ఏఎన్‌ఎంల దగ్గరే ఉండిపోయింది. ప్యాకేజీలో పదునైన ముక్క గుమ్మం దాకా రాలేదు.

ఈ పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితం ముక్కల లెక్క వెంట నడవలేదు. చేతికి అందిన సరుకు ఎంత, మనిషి ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు కూర్చుంది అన్నవాటికే ఎక్కువ దగ్గరగా ఉంది. మన సమీక్షా సమావేశాల్లో అడగనిది సరిగ్గా ఇదే. ఏ అంగన్‌వాడీ కేంద్రంలోనైనా గోడకు వేలాడే చార్టులు, బల్ల మీది రిజిస్టర్లు, సెల్‌ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ చూడండి. బరువులు తూయాలి, ఫొటో తీయాలి, ఆప్‌లో ఎక్కించాలి, సర్వర్ పనిచేయకపోతే సాయంత్రం మళ్లీ ఎక్కించాలి. ఇంటికెళ్లి తల్లి పక్కన పావుగంట కూర్చోవడం ఏ కాలమ్‌లోకీ రాదు కాబట్టి ముందు ఎగిరిపోయేది అదే. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు చేశారు, ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. జీతం, గ్రాట్యుటీ అడిగితే అత్యవసర సేవ అన్నారు. అత్యవసర సేవ చేసే మనిషి రోజులో ఎన్ని గంటలు ఆ సేవకు మిగులుతున్నాయో కూడా లెక్క తీయాలి కదా.

ఇప్పటిదాకా చెప్పిన ట్రయల్స్ అన్నీ ఏదో ఒకటి కలిపి చూసినవే. ఒక్కసారి తీసేసి చూస్తే ఏమవుతుంది? ఒక జిల్లాలో చీటీ వేసి సగం మండలాల్లో రిజిస్టర్లు, ఆప్ ఎంట్రీలు సగానికి కోసేయండి. మిగిలిన గంటల్లో రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ వారానికోసారి టీచరమ్మ వెళ్లాలి, రెండే మాటలు చెప్పాలి. మిగతా మండలాలు ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి. రెండేళ్ల తర్వాత ఎత్తులు కొలవండి. కొలిచే పని తార్నాకలోని వాళ్లకు కొత్తేం కాదు, ఖర్చు కూడా ఆనాటి ఉప్మా అంత అవదు.