ముక్కు ఒక్క పిల్లి వాసనకే పనిచేస్తుందా అంకుల్‌గారూ?

ఇప్పుడే తలుపు తీసేసరికి మూడో ఫ్లోర్ అంకుల్‌గారు మా గుమ్మం ముందు నిలబడి రూమ్ ఫ్రెష్‌నర్ కొడుతున్నారు. లావెండర్! "పిల్లి వాసనమ్మా, మీకు అలవాటైపోయి తెలియట్లేదు" అని ఓ నవ్వు. మాది ఐదో ఫ్లోర్. అంటే మా పిల్లి వాసన రెండు ఫ్లోర్లు దిగి వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చిందన్నమాట. ఒళ్లు మండిపోతోంది నాకు.

సెంటు కొడితే వాసన పోతుందా అసలు? ఉచ్చలోని యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మార్చాకే ఆ ఘాటు వస్తుంది. ఆ టైమ్ ఇవ్వకూడదు, అంతే. పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్లే ట్రేని పొద్దునా సాయంత్రం ఎత్తిపోసేవాళ్ల ఇంట్లో ఏ స్ప్రేలూ అక్కర్లేదు. పెట్ షాపులో సువాసనల లిట్టర్ అని, ఆ ట్రేలో పోసే పొడి అంటగడతారు చూడండి, కొనకండి. దాని ఘాటు మన ముక్కుకంటే పిల్లి ముక్కుకి ఎక్కువ. ట్రే వదిలేసి మీ పరుపు మీద పోస్తుంది, అప్పుడు పరుపుకి కొట్టుకోండి లావెండర్.

నేను వాడేది సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు. రంగూ జిగురూ తగలని ఉత్త చెక్కది, సన్నటి దుమ్ము జల్లించేసి వాడాలి. అడుగున గుప్పెడు తినే సోడా. కడిగేటప్పుడు నీళ్లలో కాస్త వెనిగర్ పోస్తే మిగిలిన అమ్మోనియా విరిగిపోతుంది, తర్వాత ఎండలో ఆరబెట్టడమే. ప్లాస్టిక్ ట్రే గీతలు పడితే ఎంత కడిగినా వాసన వదలదు, స్టీలు బేసిన్‌కి ఆ గొడవ లేదు. మగపిల్లి అయితే ముందు ఆపరేషన్ చేయించండి, సగం ఘాటు అక్కడే తగ్గుతుంది. వీటన్నిటికీ నెలకి అయ్యే ఖర్చు ఆయన చేతిలోని ఆ డబ్బా ధరంత కూడా ఉండదు.

ఇక అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉచిత సలహాలు! ఒకావిడ ఫినాయిల్ పోయమంటుంది. అందులో ఉండే ఫినాల్ అనే రసాయనం పిల్లులకి విషమండీ, వాటి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, పైగా అవి పాదాలు నాక్కుంటాయి. ఇంకొకాయన బ్లీచింగ్ పౌడర్ చల్లమన్నారు. ఉచ్చలోని అమ్మోనియాతో అది కలిస్తే క్లోరమిన్ గ్యాస్ పుడుతుంది, పిల్లితో పాటు నేనూ దగ్గుకుంటూ కూర్చోవాలి. మరొకరు మూల మూలకీ కలరా ఉండలు పెట్టమన్నారు. పిల్లిని చంపమని నేరుగా చెప్పడానికి మొహమాటం కాబోలు. ఆ మెసేజ్‌కి అంకుల్‌గారి థంబ్స్ అప్ కూడా ఉంది, చూశాను.

సరే, ఇంత సున్నితమైన ముక్కు గల మనిషి సెల్లార్‌లోకి ఎప్పుడైనా దిగారా? వాన పడితే చాలు, మ్యాన్‌హోల్ పొంగి బండ్ల మధ్య మురుగు నిలుస్తుంది. వాచ్‌మన్ పిల్లలు ఆ పక్కనే పడుకుంటారు. అక్కడ కొట్టలేదే లావెండర్? డ్రైనేజీ బాగుచేయిస్తామని పోయినేడాది వానలకి ముందే ఇంటింటికీ తిరిగి డబ్బులు వసూలు చేశారు. ఎవరు చేశారనుకున్నారు? ప్రెసిడెంట్ గారే, అంటే ఈ అంకుల్‌గారే. పని ఎప్పుడని అడిగితే "ప్రాసెస్‌లో ఉందమ్మా" అంటారు. లిఫ్ట్‌లో కిళ్లీ మరకలూ ప్రాసెస్‌లోనే ఉన్నాయి, నా పార్కింగ్‌లో ఆయన అల్లుడి కారు కూడా ప్రాసెస్‌లోనే ఉంది.

ఆదివారం మీటింగుకి వస్తున్నాను అంకుల్. డ్రైనేజీ బిల్లులు తెచ్చిపెట్టుకోండి. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్.