కడచూపు కోసం దాచిన పాయింట్లు

మా నాయనమ్మ చనిపోయినప్పుడు నాయిన బొంబాయిలో ఉన్నాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బిల్డింగు పనికి పోయిన గుంపులో ఆయన ఒకడు. జడ్చర్ల దగ్గర మా ఊర్లో అప్పట్లో ఒక్కటే ఫోను ఉండేది, అదీ షావుకారి ఇంట్లో. కబురు అందేసరికి పొద్దుగూకింది. బస్సు ఛార్జీకి మేస్త్రీని బతిమాలుకుని, ఆ రాత్రి బస్సు దొరక్క మర్నాడు ఎక్కి, నాయిన ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. "మట్టి పోసినంక వచ్చిన" అని ఆయన బతికినన్నాళ్లూ అంటూనే ఉన్నాడు. పాలమూరులో ఈ మాట వినని ఇల్లు తక్కువ.

క్రెడిట్ కార్డు పాయింట్ల గురించి, అంటే కార్డు మీద ఖర్చు పెట్టినకొద్దీ కంపెనీ ఇచ్చే, విమాన టికెట్‌గా మార్చుకోగల పాయింట్ల గురించి రాయడానికి కూర్చుని నాయనమ్మ చావుతో మొదలుపెట్టాను. నాకు ఈ రెండూ ఒకటే విషయం. ఎందుకో చెప్తాను.

2019 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు అన్న ఫోన్ చేశాడు. నాయినకు పక్షవాతం వచ్చింది, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ తీసుకుపోతున్నాం అన్నాడు. "మాట వస్తున్నది. నిన్నే అడుగుతున్నడు. బయల్దేరు." లాప్‌టాప్ తెరిచి చూస్తే న్యూజెర్సీ నుంచి మర్నాటి టికెట్ 2,300 డాలర్లు. ఇంటికి డౌన్‌పేమెంట్ కట్టి రెండు నెలలే అయింది, చేతిలో పైసా లేదు. రేపటికి తగ్గుతుందేమోనని ఒక్క రోజు ఆగాను. తగ్గలేదు, ఇంకో 150 పెరిగింది. కార్డు మీద కొని ఎక్కాను. శంషాబాద్‌లో దిగి ఆసుపత్రికి పోయేసరికి నాయినకు రెండోసారి స్ట్రోక్ వచ్చి మాట పోయింది. చెయ్యి పట్టుకుంటే వేళ్లు కదిలించాడు. అంతే. ముందు రోజు మధ్యాహ్నం "బిడ్డ విమానం ఎక్కిందా?" అని అమ్మను అడిగాడట. నేను ఆగకుండా బయల్దేరి ఉంటే ఆ మధ్యాహ్నానికి ఆయన పక్కనే ఉండేదాన్ని.

ఆ రోజు నా కార్డు ఖాతాలో 1,60,000 పాయింట్లు ఉన్నాయి. మూడేళ్లుగా పోగైనవి. ఎప్పుడో పిల్లలతో యూరప్ పోదామని అట్లాగే ఉంచాను. అవి ఆ రాత్రికి ఆ రాత్రే టికెట్ అవుతాయన్న ఆలోచనే నాకు రాలేదు, ఎట్లా చెయ్యాలో కూడా తెలియదు. టికెట్ అప్పు తీరేదాకా ఎనిమిది నెలలు మిత్తి కట్టాను.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఇక్కడ అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు ఇంట్లో, ఇంటికి పోయే ఒక్క టికెట్‌కు సరిపడా పాయింట్లు ముట్టుకోకుండా ఉంచాలి. వెకేషన్లూ బిజినెస్ క్లాసులూ ఆ తర్వాత. వాటిని నేను తప్పుపట్టను. మిర్యాలగూడ నుంచి వచ్చిన నా స్నేహితురాలు పాయింట్లతో ఇద్దరు పిల్లలకు హవాయి చూపించింది, ఎంతో సంతోషించాను. కానీ మొదటి వాటా ఊరిది.

ఇలాంటి ప్రయాణానికి డబ్బు టికెట్ కంటే పాయింట్ల టికెట్ ఎందుకు నయమో చూడండి. ఆపదలో పోయేటప్పుడు తిరుగు ప్రయాణం ఎప్పుడో మనకు తెలియదు. అంతర్జాతీయ టికెట్లలో ఒకవైపుకే కొంటే చాలాసార్లు రానూపోనూ ధరకు దగ్గరగా అడుగుతారు. పాయింట్లతో అయితే చాలా ఎయిర్‌లైన్స్ పాయింట్ల ప్రోగ్రాముల్లో ఒకవైపుకు సగమే. పోయేదానికి మాత్రం తీసి, వచ్చేది తర్వాత చూసుకోవచ్చు. రెండోది, రద్దు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మైళ్లతో (ఎయిర్‌లైన్ సొంత పాయింట్లను మైళ్లంటారు) తీసిన టికెట్‌ను విమానం బయల్దేరకముందే రద్దు చేసుకుంటే మైళ్లు వెనక్కి వస్తాయి. ఆసుపత్రి నుంచి "పర్వాలేదు, గండం గడిచింది" అని ఫోన్ వస్తే నష్టం ఉండదు. ఆ ధైర్యం ఉంటే మనిషి రేపటిదాకా ఆగడు. మూడోది, అమ్ముడుపోని సీట్లను కొన్ని ఎయిర్‌లైన్స్ చివరి రోజుల్లో పాయింట్లకు వదులుతాయి. డబ్బు ధర ఆకాశంలో ఉన్న రోజున కూడా అలాంటి సీటు దొరకవచ్చు. ప్రతిసారీ దొరుకుతుందని కాదు. ఇరవై నిమిషాలు వెతకకుండా 2,000 డాలర్లు మాత్రం కట్టకండి.

పోగుచేయడం కష్టమేమీ కాదు. రోజువారీ ఖర్చు మీద డాలర్‌కు ఒక పాయింట్ చొప్పున నెలకు 2,000 డాలర్లు వాడితే ఏడాదికి 24,000 వస్తాయి. కొత్త కార్డు తీసుకుని మొదటి మూడు నెలల్లో నాలుగైదు వేల డాలర్లు వాడితే 60,000 ఇచ్చే ఆఫర్లు తరచూ వస్తుంటాయి. అసలు పంట అక్కడే. ఆ మూడు నెలల ఖర్చు కోసం అక్కర్లేనివి కొనకూడదు. కారు ఇన్సూరెన్స్ ఆరు నెలలది ఒకేసారి కట్టే నెల చూసుకోండి, పిల్లల సమ్మర్ క్యాంపు ఫీజు చూసుకోండి, బోనాలకో బతుకమ్మకో మన తెలుగు సంఘం హాలు అద్దె మీరే కట్టి తర్వాత అందరి దగ్గరా వసూలు చేసుకోండి. డేకేర్ వాళ్లు, ప్రాపర్టీ టాక్స్ వాళ్లు కార్డుకు రెండు మూడు శాతం అదనంగా తీసుకుంటే, కొత్త కార్డు మీద వచ్చే ఆ 60,000 కోసం తప్ప మామూలు రోజుల్లో అది గిట్టదు.

కిరాణా సంగతి చాలామందికి తెలియదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ గోల్డ్ కార్డుకు సూపర్‌మార్కెట్‌లో డాలర్‌కు నాలుగు పాయింట్లు. కానీ మన ఇండియన్ స్టోర్ కార్డు కంపెనీ లెక్కలో సూపర్‌మార్కెట్‌గా నమోదై ఉందా, వేరే రకం దుకాణంగా ఉందా అన్నదాన్ని బట్టే ఆ నాలుగు వస్తాయి. ఒక్కసారి చిన్న బిల్లు చేసి, పాయింట్లు పడ్డాక చూసుకుంటే తెలిసిపోతుంది. కాస్ట్‌కో అనే టోకు దుకాణంలో ఆ కార్డు చెల్లదు, 2016 నుంచి అక్కడ క్రెడిట్ కార్డుల్లో వీసా మాత్రమే. బియ్యం, నూనె, పప్పు అన్నీ కాస్ట్‌కోలోనే తెచ్చే ఇల్లయితే వీసా కార్డు చూసుకోవాలి.

ఇక మిత్తి. దీని గురించి మాత్రం తమాషాగా మాట్లాడలేను. మా ఊర్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు రెండు శాతం, ఏడాదికి ఇరవై నాలుగు. ఆ లెక్కకే నాయిన ఎకరం చెలక అమ్ముకున్నాడు. ఇక్కడ క్రెడిట్ కార్డుల వడ్డీ సగటున ఏడాదికి 20 శాతం పైనే. అంటే మనం విమానమెక్కి ఇంత దూరం వచ్చి, ఊర్లో ఏ మిత్తికి భయపడ్డామో దాదాపు అదే మిత్తికి సంతకం పెడుతున్నాం. ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్లు పాయింట్ల ఊసే ఎత్తవద్దు. డెబిట్ కార్డుతో బతకడం చిన్నతనం కాదు. జడ్చర్లలో ఉన్న అన్న కొడుకు కూడా ఈ మధ్య పాయింట్ల గురించి అడుగుతున్నాడు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి దుకాణంలో స్కాన్ చేసే వీలు వచ్చింది కదా, చాయ్ బిల్లు కూడా అప్పు మీద నడుస్తున్నది. అక్కడ చాలా కార్డుల మిత్తి నెలకే మూడున్నర శాతం. షావుకారే నయం అని వాడికి చెప్పాను. పూర్తిగా కడితేనే వాడు, లేకపోతే కత్తిరించి పారేయమన్నాను.

పోగైన పాయింట్లను ఏళ్లకేళ్లు పెట్టుకుని మురవడం కూడా తప్పే. వాటి విలువ మన చేతిలో లేదు. ఎన్ని మైళ్లకు ఏ టికెట్ అని చెప్పే పట్టికలను డెల్టా ఎయిర్‌లైన్స్ 2015లో తీసేసింది, యునైటెడ్ 2019లో, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2023లో. ఇప్పుడు రోజుకో ధర. నేను చెప్పేది ఒక టికెట్‌కు సరిపడా ఉంచమని. అమెరికా నుంచి హైదరాబాద్‌కు ఎకానమీలో ఒకవైపుకు ప్రోగ్రామును బట్టి, రోజును బట్టి 40,000 నుంచి 70,000 దాకా అనుకుని చూసుకోండి. దానికి మించినవి వాడేయండి. అమ్మానాన్నలను పిలిపించండి. షాపింగ్ సైట్లలో బిల్లు కట్టడానికి మాత్రం వాడకండి, అక్కడ పాయింట్‌కు చాలాసార్లు ఒక సెంటు కూడా రాదు.

ఉంచేవాటిని కార్డు ఖాతాలోనే ఉంచాలి, ముందే ఎయిర్‌లైన్ మైళ్లుగా మార్చకూడదు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకసారి ఒక ఎయిర్‌లైన్ సైట్‌లో సీటు కనిపించగానే 70,000 పాయింట్లు అందులోకి పంపేశాను. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి ఆ సీటు లేదు. ఒకసారి ఎయిర్‌లైన్‌లోకి పంపినవి వెనక్కి రావు. రెండేళ్లు అందులోనే చిక్కుకున్నాయి. అందుకని ముందు సీటు చూడాలి, వీలైతే రెండు సైట్లలో చూడాలి, తర్వాతే పంపాలి. చేజ్ బ్యాంకు కార్డు పాయింట్లు యునైటెడ్‌లోకి మామూలుగా నిమిషాల్లో చేరతాయి. కొన్ని ఎయిర్‌లైన్స్‌కు రోజులు పడుతుంది, అవి ఆపదకు పనికిరావు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా, ఎయిర్‌లైన్ ఖాతాలు ఇవాళే తెరిచి పెట్టుకోండి. ఖాతా తెరవడం ఉచితం.

హైదరాబాద్‌కు దారులు పెరిగాయి. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా వస్తున్నది. ఆ సీటును యునైటెడ్ మైళ్లతోనో, ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్ పాయింట్లతోనో తీసుకోవచ్చు. దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్ సీటు ఏవియోస్ అనే వాళ్ల పాయింట్లతో దొరుకుతుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోకి పంపిన ఏవియోస్‌ను ఖతార్‌కు మార్చుకోవచ్చు. లండన్ మీదుగా పోతే మాత్రం పాయింట్ల పైన కట్టే సర్‌ఛార్జీలు ఎక్కువ, చూసుకోండి. శంషాబాద్ విమానాశ్రయం 2008లో వచ్చినప్పటి నుంచి మన పాలమూరు వాళ్లకు ఒక సుఖం. దిగితే జడ్చర్లకు దారి నేరుగా 44వ నంబరు హైవేనే, సిటీలోకి పోవాల్సిన పని లేదు.

అమ్మను మొదటిసారి ఆ ఫ్రాంక్‌ఫర్ట్ దారిలోనే రప్పించాను, యునైటెడ్ మైళ్లతో. నా ఖాతాలోని మైళ్లతో ఆమె పేరున టికెట్ తీశాను, ఆమెకు ఖాతా అక్కర్లేదు. చిక్కంతా పేరుతో వచ్చింది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అందుకని అమెరికా వీసా మీద ఆమె పేరే ఇంటిపేరు అయింది, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని మూడక్షరాలు పడ్డాయి. టికెట్ కూడా అట్లాగే తీశాను. యునైటెడ్ ఇచ్చిన బుకింగ్ నంబరు వేరు, లుఫ్తాన్సా నంబరు వేరు. వీల్‌చెయిర్ కోసం ఆ రెండో నంబరు అడిగి తెలుసుకుని లుఫ్తాన్సాకే ఫోన్ చేయాల్సి వచ్చింది. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే జర్మనీ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. ఈ విషయం తెలియక ఎందరో ఆ దారిని వదులుకుంటున్నారు. అమ్మ న్యూవార్క్‌లో బయటికి వచ్చినప్పుడు ఒళ్లో ఒక సంచి ఉంది. ఎండబెట్టిన జొన్న రొట్టెలు, పల్లి పొడి. చీర కొంగున ముడేసిన కాగితం మీద అన్న నా ఫోన్ నంబరు పెద్దగా రాసిచ్చాడు. కారులో కూర్చోగానే అడిగింది, "టికెట్టుకు ఎంతైంది బిడ్డా? అప్పు చేసినవా?" పన్నులు తప్ప ఏమీ కట్టలేదంటే నమ్మలేదు. రెండు రోజులు అడుగుతూనే ఉంది.

మన ఊళ్లలో చీటీలు వేసుకుంటాం. ఎవరింట్లో అవసరం పడితే వాళ్లు ముందు ఎత్తుకుంటారు. మా చుట్టుపక్కల ఉన్న నాలుగు కుటుంబాలం, రెండు పాలమూరువి, రెండు నల్లగొండవి, పాయింట్లతో అట్లాంటి మాట ఒకటి అనుకున్నాం. ఎవరికి ఫోన్ వచ్చినా, ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లు ఆ రాత్రే టికెట్ తీయాలి. తీసినందుకు డబ్బు పుచ్చుకోవడం లేదు. మైళ్లు అమ్మడం ఆ ప్రోగ్రాముల రూల్సుకు విరుద్ధం, ఖాతా మూసేస్తారు. అందుకే ఇది అప్పు కాదు, బదులు కాదు. సాయమే. కిందటి ఏడాది వానాకాలంలో నకిరేకల్ దగ్గరి తమ్ముడికి ఫోన్ వచ్చింది, వాళ్ల అమ్మకు గుండెపోటు. అతని కార్డులో 8,000 పాయింట్లే ఉన్నాయి. రాత్రి పదకొండున్నరకు మా వంటింట్లో కూర్చుని ముగ్గురం వెతికితే, పొద్దున ఆరింటి విమానానికి సీటు దొరికింది. ఆమె కళ్లు తెరిచి కొడుకును గుర్తుపట్టింది. ఇంకా బతికే ఉంది, మొన్న ఫొటో పంపింది.

ఇక్కడ మనవాళ్లు ఎవరైనా చనిపోతే పార్థివదేహాన్ని ఊరికి చేర్చడానికి మన సంఘాలు చందాలు పోగుచేస్తాయి. ఎంతో గొప్ప పని. ఊర్లో ప్రాణం మీదికి వచ్చిన తల్లిదండ్రుల దగ్గరికి బతికున్న కొడుకునూ కూతురునూ చేర్చే పని కూడా అదే సంఘాలు చేయవచ్చు. దానికి చందాలు కూడా అక్కర్లేదు. సీట్లు వెతకడం వచ్చిన పదిమంది పేర్లు, ఫోన్ నంబర్లు సంఘం దగ్గర ఉంటే చాలు. చదువుకోవడానికి నిన్నమొన్న వచ్చిన పిల్లలకు కార్డులూ ఉండవు, పాయింట్లూ ఉండవు, రాత్రిపూట ఎవరిని అడగాలో తెలియదు. ముందు వాళ్లకు ఈ నంబర్లు అందాలి.

దసరాలోపు ఆ పట్టిక తయారుచేద్దామని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మొదటి పేరు నాది రాసుకోండి. ఏ రాత్రి చేసినా ఫోన్ ఎత్తుతాను.