22 ప్లేట్లు, ఒకే టికెట్

ఉగాదికి కుర్చీలు మోసినవాళ్లకీ, పార్కింగ్ చూసినవాళ్లకీ, పచ్చడి కలిపినవాళ్లకీ కృతజ్ఞతగా అమెరికాలోని మన తెలుగు సంఘం ఒక కెఫేలో 22 మందికి పెట్టిన ఆదివారం బ్రంచ్ (టిఫిన్, భోజనం కలిపి పొద్దెక్కాక తినేది) మీద వాట్సాప్‌లో ఎంత దుమారం రేగిందో అందరికీ తెలుసు. శని, ఆదివారాల్లో 8 మందికి మించిన బృందాలను ఇకపై తీసుకోలేమని ఆ తర్వాతి వారం కెఫే మేనేజరు పంపిన మెయిల్ చాలామందికి చురుక్కుమనిపించింది. "మనల్ని చూసే పెట్టారు ఈ రూలు" అన్నవాళ్లున్నారు. కెఫేకి పంపాల్సిన నిరసన లేఖ ముసాయిదా ఈసీ (సంఘం కార్యవర్గం) ముందుకు వచ్చింది. సంతకాలు పెట్టేముందు ఆ పూట వంటగదిలో ఏం జరిగి ఉంటుందో ఒకసారి చూస్తే మంచిది.

వివక్ష అన్న అనుమానాన్ని కొట్టిపారేయలేం. ఈ దేశంలో రెస్టారెంట్లు జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఎవరినీ వెనక్కి పంపకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెప్తోంది. ఆ చట్టం అవసరమైంది గనకే వచ్చింది. కానీ తేల్చుకోవడం అంత కష్టం కాదు. ఆ నియమం వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉందా? వచ్చే ఆదివారం బేబీ షవర్‌కి 12 మందితో ఇంకెవరో వస్తే కూర్చోబెడతారా? మనకి లేదని వాళ్లకి ఇస్తే నిరసన లేఖ సరిపోదు, లాయరు కావాలి. అందరికీ లేదంటే మాత్రం అది వాళ్ల వ్యాపారానికి సంబంధించిన లెక్క. ఆ లెక్క ఏమిటో మన టిఫిన్ హోటల్‌తో పోల్చి చూస్తే తొందరగా అర్థమవుతుంది.

మన టిఫిన్ హోటల్ పుట్టిందే జనం కోసం. ఇడ్లీలు వాయికి పదుల్లో దిగుతాయి. సాంబారు గుండిగలో కాగుతూనే ఉంటుంది, చట్నీ తెల్లారకముందే రుబ్బేసి ఉంటుంది. దోసె మాస్టరు ఒకే పిండితో ఒకే పెనం మీద వరసగా లాగిస్తుంటాడు. 40 మంది ఒక్కసారి మీదపడ్డా టోకెన్లు చింపి ఇచ్చి, తినిపించి, పంపించేస్తారు. మనం చెయ్యి కడుక్కోవడానికి లేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చునే ఉంటారు. అంత చక్కటి ఏర్పాటు ఇంకెక్కడైనా ఉంటే చూపించమనండి.

బ్రంచ్ కెఫే తీరు వేరు. అక్కడ గుడ్డు పగిలేది ఆర్డర్ వచ్చాకే. మామూలు కెఫేలో పొయ్యి దగ్గర ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒకరు గుడ్లు, ఒకరు గ్రిడిల్, ఇంకొకరు ప్లేట్లు సర్దడం. గ్రిడిల్ అంటే 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న ఇనుప పలక అనుకోండి. ప్లేటుకి మూడేసి పాన్‌కేకులు, ఒక్కోటి 5, 6 అంగుళాలు. అలాంటివి ఎనిమిది ప్లేట్లకి పోస్తే పలక నిండిపోతుంది, తురిమి వేయించే బంగాళాదుంపలకి, అంటే హాష్ బ్రౌన్స్‌కి చోటుండదు. పోనీ మంట పెంచుదామా అంటే పాన్‌కేక్ పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

అసలు ఇబ్బంది టికెట్ దగ్గర, అంటే వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ దగ్గర వస్తుంది. ఒక బల్ల మీదివాళ్లందరికీ ఒకేసారి వడ్డించాలన్నది వాళ్ల పద్ధతి. నలుగురి బల్ల అయితే నాలుగు ప్లేట్లు రెండు మూడు నిమిషాల తేడాతో తయారై కలిసి బయటికి వస్తాయి. 22 మంది ఆర్డర్లు ఒకే టికెట్ మీద పడితే మొదట అయిన ఆమ్లెట్ చివరి పాన్‌కేక్ కోసం, ప్లేట్లు చల్లారకుండా పెట్టే హీట్ ల్యాంప్ కింద కూర్చుంటుంది. గుడ్డు పొయ్యి దిగాక కూడా తన వేడికి తానే ఉడుకుతూ ఉంటుంది, కాబట్టి రబ్బరులా సాగుతుంది. పాన్‌కేకులు ఒకదానిమీదొకటి పేరిస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయి. టోస్ట్ తోలులా అవుతుంది. "కెఫేకి పేరే గానీ అన్నీ చల్లారిపోయినవే పెట్టారు" అన్న మన గ్రూపు రివ్యూకి కారణం ఇదే. కుక్‌లు కావాలని చేసింది కాదు.

ఎగ్స్ బెనెడిక్ట్ అయితే ఇంకా సున్నితం. రొట్టె మీద పోచ్ చేసిన గుడ్డు, అంటే పెంకు తీసి నీళ్లలో ఉడికించిన గుడ్డు పెట్టి, సాస్ పోసి ఇచ్చేది అది. పోచ్ చేసే నీళ్లు మరగకూడదు, 180 నుంచి 190 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర సన్న బుడగలతో ఉండాలి, అందులో కాస్త వెనిగర్ పడాలి, గుడ్డు మూడు నాలుగు నిమిషాలు ఉండాలి. చాలా కెఫేలు ఆదివారానికి సరిపడా ముందే పోచ్ చేసి ఐసు నీళ్లలో దాచి, ఆర్డర్ రాగానే వేడినీళ్లలో నిమిషం పాటు ముంచి తీస్తాయి. ఆ దాచినవి ఒక్క మన బల్లకే అయిపోతే మిగతావాళ్లకి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పైన పోసే హాలండేజ్ సాస్ పచ్చసొన, కరిగించిన వెన్న, నిమ్మరసం కలిపి చేసేది. వేడి ఎక్కువైతే సొన గడ్డకట్టి వెన్న విడిపోతుంది. గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే కొంచెం కొంచెంగా చేసుకుంటారు. చట్నీ మళ్లీ అడిగినట్టు "ఇంకొంచెం సాస్" అని 22 మందీ అడిగితే సర్వర్ మొహం ఎందుకు మారిందో ఇప్పుడు తెలుస్తుంది. మన దగ్గర చట్నీ మళ్లీ వేయడం మర్యాద. అక్కడ అది బిల్లులో విడిగా పడే వస్తువు.

ఇక ఆలస్యం. 11 గంటలకి చెప్పి 11:40 దాకా ఒక్కొక్కరే రావడం గురించి పెద్దగా రాయక్కర్లేదు, మనకి తెలియనిదా! కానీ అందరూ వస్తేగానీ కూర్చోబెట్టం అనే కెఫేలు ఎందుకు అలా అంటాయో చూడండి. నలుగురి బల్ల గంటలోపు ఖాళీ అయితే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా నాలుగుసార్లు నిండుతుంది. మన కోసం కలిపిన ఆరు బల్లలు 40 నిమిషాలు ఖాళీగా ఉండి, ఆ తర్వాత ఇంకో రెండు గంటలు కదల్లేదు. మధ్యలో శాలువాలు కప్పే కార్యక్రమం కూడా పెట్టుకున్నాం. తలుపు బయట పేర్లు రాయించుకుని పిల్లలతో నిలబడ్డవాళ్లు అద్దంలోంచి అదంతా చూశారు.

ఇంతవరకూ కెఫే తరఫు మాట. మనవాళ్లకి నిజంగా జరిగిన అన్యాయం ఇంకొకటుంది. దాన్ని గ్రూపులో ఎవరూ ఎత్తలేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, గుడ్డు ముట్టని పెద్దవాళ్లు ఆ రోజు పళ్ల ముక్కలూ కాఫీతో సరిపెట్టుకుని లేచారు. "వెజ్ ఉందా?" అని అడిగితే "ఉంది" అన్నారని మనం నమ్మాం. అక్కడ ఆ ప్రశ్నకి విలువ లేదు. మాంసం ముక్క కనిపించకపోతే వాళ్ల లెక్కలో అది వెజ్. గుడ్డు, పాలు కూడా వెజ్‌లోకే వస్తాయి. కాబట్టి పదార్థం పేరు పెట్టి అడగాలి.

పాన్‌కేక్, వాఫుల్ పిండిలో గుడ్డు ఉంటుంది. ఫ్రెంచ్ టోస్ట్ అంటేనే గుడ్డులో ముంచిన రొట్టె. బ్రియోష్, హల్లా రొట్టెల్లో గుడ్డు ఉంటుంది. పులిసిన పిండితో చేసే మామూలు సవర్‌డో రొట్టెలో ఉండదు, కాబట్టి అవకాడో టోస్ట్‌కి ఏ రొట్టె వాడతారో అడగాలి. హాష్ బ్రౌన్స్‌లో బంగాళాదుంపే ఉన్నా, మాంసపు సాసేజ్ వేగిన గ్రిడిల్ మీదే వేగుతాయి. కొన్నిచోట్ల బేకన్ (పంది మాంసం) కొవ్వే వాడతారు. గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ జావ) నీళ్లతో ఉడికించారా, చికెన్ స్టాక్‌తోనా? బీన్స్‌లో పంది కొవ్వు ఉందా? బిస్కెట్ల (ఇక్కడ మెత్తటి బన్నుల్లాంటివి) మీద పోసే తెల్ల గ్రేవీ మామూలుగా సాసేజ్ గ్రేవీయే. కొన్ని పెరుగుల్లోనూ, హాట్ చాక్లెట్ మీద తేలే మార్ష్‌మాలోలోనూ జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మామూలు వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకొవీ చేపలు పడతాయి. వెజ్ బర్గర్ విడిపోకుండా గుడ్డు తెల్లసొన కలిపేవాళ్లూ ఉన్నారు. కాస్త నిశ్చింతగా తినగలిగేవి నీళ్లతో ఉడికించిన ఓట్‌మీల్, గుడ్డు కలపని బేగెల్ మీద క్రీమ్ చీజ్, సవర్‌డో మీద అవకాడో.

"విడి పాన్‌లో నూనెతో చేసి పెడతారా?" అన్న ప్రశ్నకి జవాబు గంటని బట్టి ఉంటుంది. ఉదయం 8 గంటలకి చాలాచోట్ల సరే అంటారు. ఆదివారం 11కి బర్నర్లన్నీ ఆమ్లెట్లతో నిండి ఉంటాయి, కుదరదంటారు. అది మొండితనం కాదు. కుదరదని తెలిసీ మొహమాటానికి సరేనని అదే గ్రిడిల్ మీద వేయడం కంటే మనకి అదే మేలు.

గుడ్డు తినేవాళ్లకీ ఓ మాట. మెనూలో గుడ్డు వంటకాల పక్కన నక్షత్రం గుర్తు, కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక ఉంటాయి. సరిగా ఉడకని గుడ్డు గురించి చెప్పాల్సిన బాధ్యత వాళ్లది, చదవాల్సింది మనం. గర్భిణులకీ, పెద్దవయసువాళ్లకీ సన్నీ సైడ్ అప్ (సొన గట్టిపడని గుడ్డు) వద్దు. సొన పూర్తిగా గట్టిపడేలా ఓవర్ హార్డ్ అని చెప్పాలి. అలర్జీల జాబితాలో నువ్వులు కూడా 2023 నుంచి చేరాయి, మనలో కొందరికి అది పనికొచ్చే సంగతే.

బిల్లు దగ్గర జరిగినదే అన్నిటికంటే తలవంపు. రెండు కుటుంబాలు వెళ్తే "నేనంటే నేను" అని కార్డులు లాక్కునేవాళ్లం, 22 మంది అయ్యేసరికి 22 కార్డులు బయటికి వచ్చాయి. వేరువేరు బిల్లులు కావాలంటే ఆర్డర్ ఇచ్చేముందే చెప్పాలి. అప్పుడు సర్వర్ ఏ సీటువాళ్లు ఏం అడిగారో సీటు నంబరుతో ఎక్కించుకుంటుంది, చివర్లో ఒక్క నొక్కుతో విడిపోతాయి. తిన్నాక చెప్తే ప్రతి కాఫీనీ వెతికి ఒక్కొక్కరి లెక్కలోకి జరపాలి. ఈలోగా ఆమె చూడాల్సిన మిగతా బల్లలు చెయ్యెత్తి ఎదురుచూస్తుంటాయి.

టిప్ మీద మన చర్చలకి అంతుండదు గనక లెక్క మాత్రం చెప్పుకుందాం. టిప్పులు వచ్చే ఉద్యోగులకి యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస కూలి 1991 నుంచీ గంటకి 2.13 డాలర్లే. టెక్సస్, నార్త్ కరోలినా లాంటి చోట్ల ఇప్పటికీ అదే. టిప్పు కలిపినా మామూలు ఫెడరల్ కనీస వేతనమైన గంటకి 7.25 డాలర్లకి చేరకపోతే తేడా యజమాని భరించాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం పూర్తి కనీస వేతనం ఇప్పిస్తాయి. చాలా కెఫేల్లో సర్వర్ తన అమ్మకాల మీద కొంత శాతం బల్లలు తుడిచేవాళ్లకీ, కాఫీ చేసేవాళ్లకీ పంచాలి. 460 డాలర్ల బిల్లు మీద మనం ఏమీ పెట్టకపోతే ఆ వాటా ఆమె మిగతా బల్లల టిప్పుల్లోంచి పోతుంది. అంటే మనకి వడ్డించినందుకు ఆమే ఎదురు కట్టినట్టు. 20 శాతం అంటే 92 డాలర్లు, మనిషికి 4 డాలర్ల 20 సెంట్ల దగ్గర. పెద్ద బృందాలకి కొన్నిచోట్ల సర్వీస్ చార్జి ముందే కలిపేస్తారు, దాని కింద టిప్ గీత మళ్లీ ఖాళీగా కనిపిస్తుంది. రసీదు పైనుంచి కిందిదాకా చదివితే రెండుసార్లు పెట్టడమూ ఉండదు, అసలు పెట్టకపోవడమూ ఉండదు.

ఇదంతా రాసినంత మాత్రాన కెఫే గొప్పదనీ, మనం పనికిమాలినవాళ్లమనీ కాదు. రెండు గుడ్లకీ, రెండు రొట్టె ముక్కలకీ వాళ్లు వేసే ధర చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఒకరి ప్లేట్లోంచి ఒకరు రుచి చూసుకునే మన అలవాటు వదులుకోనక్కర్లేదు. కూర్చోగానే ఖాళీ సైడ్ ప్లేట్లు అడిగితే సంతోషంగా తెచ్చిస్తారు. 22 మందీ ఒకే బల్ల దగ్గర, శాలువాలతో, ప్రసంగాలతో కూర్చోవాలన్న కోరికా మంచిదే. దానికి కెఫే చోటు కాదు. లైబ్రరీ హాలు తీసుకుని ఇడ్లీ, వడ, పొంగల్ ట్రేలు తెప్పించుకుంటే పెద్దవాళ్లు కడుపునిండా తింటారు, ఎవరూ గడియారం చూడరు.

ఈసీకి నా విన్నపం. ఆ నిరసన లేఖని పక్కన పెట్టండి. సంక్రాంతి వాలంటీర్లకి మళ్లీ బ్రంచే కావాలంటే దాని బదులు వేరే మెయిల్ పంపండి. పంపేది బుధవారమో గురువారమో, రద్దీ తగ్గాక మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఫోన్ చేసి మాట్లాడాక. అంతకుముందే సభ్యులకి చిన్న ఫారం వెళ్లాలి: గుడ్డు తింటారా, అలర్జీలేమైనా ఉన్నాయా, నాలుగు వంటకాల్లో ఏది కావాలి? డబ్బు ఫోన్‌లో పంపే జెల్ (Zelle) ద్వారా ముందే ట్రెజరర్‌కి చేరాలి, కెఫేలో బయటికి తీసేది సంఘం కార్డు ఒక్కటే.

మెయిల్లో మాత్రం ఇలా రాయండి: మూడు బల్లలు, ఒక్కోదానికి ఏడుగురో ఎనిమిది మందో. మొదటిది శనివారం ఉదయం 8 గంటలకి, తర్వాతివి 15 నిమిషాల తేడాతో. ఎవరికి ఏది కావాలో జత చేశాం. బల్లకి ఒక టికెట్, మొత్తానికి ఒకే బిల్లు, 20 శాతం టిప్. గుడ్డు, మాంసం తినని పెద్దవాళ్లు ఇంతమంది ఉన్నారు, వాళ్ల హాష్ బ్రౌన్స్ విడి పాన్‌లో నూనెతో చేసి పెట్టగలరా? చేయలేమని వాళ్లు నిజాయితీగా చెప్తే, ఆ వారానికి ఇడ్లీ ట్రేలు చెప్పేద్దాం.