నేరడి బ్యారేజీ రేపే కట్టేయొచ్చా?

వారం రోజులుగా మా గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "వంశధార మీద తీర్పు మనకే వచ్చింది. నదీ జలాల్లో సుప్రీంకోర్టుకు అధికారం లేదు. ఒడిశాతో పని లేకుండా నేరడి బ్యారేజీ రేపే మొదలుపెట్టొచ్చు, సర్కారుకు చేతకావట్లేదు. అయినా కాట్రగడ ఉండగా నేరడి దేనికి?" ఇదీ సారాంశం. నేరడి అంటే ఒడిశా నుంచి శ్రీకాకుళం వైపు వచ్చే వంశధార నదికి అడ్డంగా కట్టాలనుకుంటున్న బ్యారేజీ. కాట్రగడ దగ్గర ఆ నది నీళ్లు మళ్లించే కట్టడం ఒకటి ఇప్పటికే ఉంది. టెక్కలి వైపు శివారు ఆయకట్టులో మాకూ కాస్త పొలం ఉంది. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

తీర్పు సంగతి ముందు. 2017 సెప్టెంబరు 13న వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ నేరడికి అనుమతి ఇచ్చిన మాట నిజమే. కానీ "మనకే" అనడం తప్పు. 115 టీఎంసీల్లో ఒడిశాకూ మనకూ చెరి సగం అన్న పాత లెక్కనే ఖాయం చేసింది. కుడి వైపు మన కాలువకు 8 టీఎంసీలు వాడుకున్నాక, లేదా నవంబరు 30 రాగానే, ఏది ముందైతే అప్పుడు ఆ కాలువ గేట్లు దించేయాలని షరతు కూడా పెట్టింది.

సుప్రీంకోర్టుకు అధికారం లేదన్న మాట సగం చదువు. రాజ్యాంగం 262వ అధికరణ, 1956 నాటి జల వివాదాల చట్టం 11వ సెక్షన్ అలాగే కనిపిస్తాయి. అయితే ట్రిబ్యునల్ తీర్పు మీద అప్పీలు వినే అధికారం తనకు ఉందని 2016 డిసెంబరులో కావేరి కేసులో సుప్రీంకోర్టే తేల్చింది. 2018 ఫిబ్రవరిలో తమిళనాడు వాటాలో 14.75 టీఎంసీలు తగ్గించింది కూడా. అంతదాకా ఎందుకు, మన ట్రిబ్యునల్ పుట్టిందే సుప్రీంకోర్టు మాట మీద. 2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది. 2009లో కోర్టు ఆదేశిస్తే 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. తీర్పు వచ్చాక ఒడిశా మళ్లీ ఆ కోర్టు మెట్లే ఎక్కింది.

ఆ మెసేజ్‌లో గెజిట్ ఊసే లేదు. ట్రిబ్యునల్ తీర్పును కేంద్రం గెజిట్‌లో ప్రచురించాలని, అప్పుడే దానికి సుప్రీంకోర్టు డిక్రీతో సమానమైన బలం వస్తుందని అదే చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. దానికి ముందు వివరణలు అడిగే హక్కు కేంద్రానికీ రాష్ట్రాలకూ ఉంది. ఆ వివరణల మీద ట్రిబ్యునల్ మరో నివేదిక ఇచ్చేసరికే 2021 జూన్ అయింది.

ఒడిశాతో పని లేదా? బ్యారేజీకి కావలసిన 106 ఎకరాలు ఒడిశా గట్టునే ఉన్నాయి. ఆ రాష్ట్రమే సేకరించి అప్పగించాలి, ఖర్చు మనం భరించాలి. ఒడిశా భూముల ముంపు పేచీతోనే కదా, విజయనగరం వైపు జంఝావతి మీద 2006లో రబ్బరు డ్యాంతో సరిపెట్టుకున్నాం.

ఇక కాట్రగడ. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే. భామిని మండలంలోని ఆ సైడ్ వియర్, అంటే నీళ్లు పైనుంచి పొర్లి పక్కకు మళ్లే గోడ, నదికి అడ్డంగా లేదు, ఒడ్డున ఉంది. నది నిండుగా పారి మట్టం పెరిగితేనే నీళ్లు దాని మీదుగా వరద కాలువలోకి, అక్కడి నుంచి హిరమండలం రిజర్వాయరుకు వెళ్తాయి. మట్టం తగ్గితే పక్కనే నది పారుతున్నా కాలువకు చుక్క రాదు. రిజర్వాయరు కట్టింది 19 టీఎంసీలకు. వాన సరిగా లేని ఏడాది దాన్ని నింపాలంటే నదిలో మట్టాన్ని లేపే గేట్లు కావాలి. నేరడి దేనికంటే దానికే.

ఒకసారి ఉభాల సమయంలో నీళ్లు వదులుతారని మా చిన్నాన్న టార్చిలైటు పట్టుకుని రాత్రంతా పిల్లకాలువ గట్టున కూర్చున్నాడు. తెల్లారేసరికి వచ్చింది చీలమండ తడిసేటంత. నారు ముదిరిపోయింది. ఇప్పుడు ఆ మెసేజ్ ఆయన ఫోనుకీ వచ్చింది, "నిజమేనేటి?" అని నన్ను అడిగాడు. చేతకాక అనే ఒక్క మాట చెప్పి ఆయన్ని పంపేయలేకపోయాను. కూర్చోబెట్టి ఆ 106 ఎకరాల గురించీ, గెజిట్ గురించీ చెప్పాను.