ఆరో రోజు సంగతేమిటి?

బెంగళూరులో ఐదు రోజుల కడలెకాయి పరిషె, అంటే చెనక్కాయల తిరునాళ్ల, ముగిసిన మర్నాడు ఉదయం. బసవనగుడి నుంచి హనుమంతనగర్ వైపు వెళ్లే దారి మలుపులో హిందూపురం పక్క నుంచి వచ్చిన ఒకావిడ, మిగిలిపోయిన రెండు బస్తాల చెనక్కాయలు అమ్ముకుంటోంది. ఆక్రమణలు తొలగించే లారీ ఆగింది. దిగినవాళ్లు బస్తాను కాలితో నెట్టి, ఆమె కొలిచే శేరు డబ్బాను లాక్కుని లారీలోకి విసిరేశారు. "నిన్న ఈడే కూచుంటి గదా సామీ!" అని ఆమె మొత్తుకుంది. నిజమే, అక్కడే కూర్చుంది. నిన్న ఆమె సంస్కృతి. తెల్లారేసరికి ఆక్రమణ.

కడలెకాయి పరిషె గురించి బెంగళూరు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! కార్తికం చివరి సోమవారం బసవనగుడిలోని పెద్ద నంది, దొడ్డ బసవన్నకు తొలి కాపు మొక్కు. సీమలో పరస అంటాం, ఇక్కడ పరిషె. కోలారు, చిక్కబళ్లాపురం, మాగడి, తుమకూరు సరే, సరిహద్దు దాటి మనవైపు నుంచీ బస్తాలు దిగుతాయి. ఒక్క సోమవారపు తిరునాళ్ల రెండు రోజులైంది, 2025లో ఐదు రోజులకు సాగింది. అమ్మేవాళ్ల దగ్గర సుంకం ఎత్తేశారు, మంచిదే. ప్లాస్టిక్ వద్దు, గుడ్డసంచి తెచ్చుకోమన్నారు, అదీ మంచిదే. (బొమ్మల దుకాణాల్లో వేలాడేదంతా ప్లాస్టిక్కే అనుకోండి, దాన్ని ఇవాళ్టికి వదిలేద్దాం.)

మా కోపం ఆరో రోజు మీద. రాశి ముందు కూర్చున్న ముసలవ్వ ఫొటో పర్యాటక ప్రచారానికి కావాలి. ఆ అవ్వ మాత్రం అక్కర్లేదు. ఒక్క బసవనగుడిలోనే కాదు ఈ తంతు. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఊరేగింపు బయల్దేరితే, మల్లెపూలు చల్లి మురిసిపోతాం. ఆ మల్లెలు మూరేసి అమ్మిన చేతులే మర్నాడు సిటీ మార్కెట్ దగ్గర ఈల వినబడగానే గంప ఎత్తుకుని పరుగు తీయాలి. మైసూరు దసరా నుంచి హంపి ఉత్సవం దాకా వేదికలెక్కి జానపదాన్ని, గ్రామీణ జీవితాన్ని పొగడని నాయకుడు ఉండడు. కిందికి దిగాక ఆ జీవితం రోడ్డు పక్కన బతకడానికి జానెడు చోటు అడిగితే కళ్లెర్రజేస్తారు.

పాదచారుల దారి పాదచారులకే ఉండాలి కదా అని అధికారులు అంటారు. కాదనం. కానీ కార్లు, బైకులు ఎక్కి కూర్చున్న ఫుట్‌పాత్‌లు ఈ ఊళ్లో ఎన్ని లేవు? వాటి జోలికి వెళ్లని లారీ గంప దగ్గరే ఎందుకు ఆగుతుంది? లక్షల జనం తోసుకుంటూ నడిచిన రోడ్డు, మర్నాడు రెండు బస్తాలకే ఇరుకైపోయిందా?

చట్టం లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, వాళ్లకు ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ వెళ్లగొట్టకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. యాభై ఏళ్లు పైబడిన సహజ మార్కెట్లను, అంటే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఆనవాయితీగా చేరే చోట్లను, వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి చిరువ్యాపారులను కదల్చరాదని కూడా అందులోనే రాసి ఉంది. వారసత్వం అనే మాట పోస్టర్ మీదకు ఎక్కించడం వచ్చినవాళ్లకు, అదే మాట చట్టంలో కనిపించలేదా?

ఐదు రోజులు అతిథులు, మిగతా 360 రోజులు దొంగలు. ఇలాగే సాగితే ఇక పరిషె పొడుగు పెంచామని చెప్పుకోవడం దేనికి? పదిరోజులు చేసినా పదకొండో రోజు లారీ వస్తుంది. వచ్చే కార్తికానికి బ్యానర్లు అచ్చేయించే పని ఎటూ మొదలుపెడతారు. దానికి ముందు ఆ లారీలో వెతకండయ్యా, అడుగున ఎక్కడో ఒక సొట్టపడ్డ శేరు డబ్బా ఉంటుంది. అది హిందూపురం పోవాలి.