ఎనిమిది గేర్లు, తోస్తేనే కదులుతుంది

పదహారేళ్ల కుర్రాడికి మన దేశంలో గేర్లు లేని చిన్న బండికే లైసెన్సు దక్కుతుంది. ప్లాస్టిక్ ముక్కలతో బొమ్మలు కట్టించే లెగో కంపెనీ మాత్రం 2018లో పెట్టె మీద ‘16+’ అని అచ్చేసి, లోపల ఎనిమిది గేర్ల బుగాటి షిరాన్ అనే స్పోర్ట్స్ కారు బొమ్మను ముక్కలుగా పెట్టి అమ్మింది. రవాణా శాఖ చూసీ చూడనట్టు ఊరుకుంది. అసలు షిరాన్‌కే ఉన్నవి ఏడు గేర్లు. తోస్తే తప్ప కదలని బొమ్మకు ఎనిమిదోది ఎందుకని అడిగేవాళ్లు అభివృద్ధి నిరోధకులు.

మొత్తం 3,599 ముక్కలు. అసలు కారులో ఎనిమిదో వంతు, 56 సెంటీమీటర్ల పొడవు. ఇందులో ఇంటి దొంగలు ముక్కల్ని కలిపే పిన్నులే. మూడు రంధ్రాల పొడవున్న నీలం పిన్ను ఒంటి మీద సన్నటి గీతలుంటాయి, దూరితే బిగుసుకుంటుంది. అదే పొడవున్న లేత గోధుమ రంగుది నున్నగా తిరుగుతుంది. ఊగాల్సిన మీట దగ్గర నీలం గుచ్చితే మీట మొరాయిస్తుంది. రాత్రి పసుపు బల్బు కింద రంగులు పోల్చుకునేవాళ్లను దేవుడే కాపాడాలి. ఇరుసు పొడవును కంటితో అంచనా కట్టే మేధావులూ ఉన్నారు. ఎలా కట్టాలో చెప్పే పుస్తకంలో దాని బొమ్మ అసలు కొలతలోనే వేశారు, మీద పెట్టి చూస్తే సరిపోతుంది. కానీ అలా చూస్తే పరువేం కాను?

గేర్‌బాక్సు దగ్గర అసలు పరీక్ష. ఇరుసు జారకుండా తొడిగే బుష్‌ను గట్టిగా నొక్కేస్తే గేరు, అంటే పళ్ల చక్రం, పక్కనున్న రంధ్రాల బద్దకు రాసుకుంటుంది. ఒక్క చోట అయితే తెలియదు. ఐదారు ఇరుసుల రాపిడి తోడయ్యాక చక్రం తిప్పితే పళ్లు జారి టకటకమంటాయి. అందుకే బుష్‌కూ బద్దకూ మధ్య వెంట్రుకవాసి సందు వదలాలి. ఒక్కో ఇరుసు పడ్డాక రెండు వేళ్లతో తిప్పి చూడాలి. బాడీ కప్పకముందే ఎనిమిది గేర్లూ వరసగా మార్చి, పదహారు పిస్టన్లూ ఆడుతున్నాయో లేదో చూసుకోవాలి. తర్వాత ఆ గేర్‌బాక్సు మొహం ఎవరికీ కనపడదు. వారాంతమంతా దానికే ధారపోయడంలోని త్యాగం అదే.

ఇంజిన్ భాగాన్నీ ఛాసిస్‌నూ (కారు చట్రాన్నీ) కలిపే ఘట్టాన్ని కార్ల ఫ్యాక్టరీల్లో పెళ్లి అంటారు. పెళ్లన్నాక జాతకాలు కలవాలి. ఇరుసు అడ్డకోత శిలువ ఆకారం, ఎదుటి రంధ్రమూ అంతే. రెండూ ఒకే కోణానికి వస్తేనే దూరతాయి. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నెట్టాలి గానీ బలవంతపు పెళ్లి చేయకూడదు.

ఆ ఏడాదే కంపెనీవాళ్లు పది లక్షలకు పైగా ముక్కలతో, 2,304 బొమ్మ మోటార్లతో అసలు కారంత షిరాన్ కట్టారు. జిగురు చుక్క వాడలేదు. గంటకు 20 కిలోమీటర్లు దాటింది. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో అసలు షిరాన్ అయినా అంతకన్నా పొడిచేదేమీ లేదు.

చివర్లో చిన్న పిన్నులు ఒకటో రెండో మిగిలితే కంగారొద్దు, కంపెనీ వాటిని కావాలనే ఎక్కువేస్తుంది. పదహారు పళ్ల గేరు మిగిలిందా, పెళ్లి పెటాకులే. వెనక రెక్క, అదే స్పాయిలర్, దగ్గర్నుంచి విప్పడం మొదలెట్టండి.