మేస్త్రీయే దుబాసీ అయితే

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో బీహార్ హమాలీలు ఎందరో. 2020 లాక్‌డౌన్‌లో ధాన్యం దించేవాళ్లు కరువైతే, వాళ్లను ప్రత్యేక రైల్లో రప్పించుకున్న రాష్ట్రం మనది. ఇటుక బట్టీలకైతే ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి పిల్లాజెల్లాతో సహా దిగుతారు. కొత్త పంట పండుగ నువాఖాయి చేసుకుని వచ్చి, వానలకు ముందు వెళ్లిపోతారు.

వీళ్లందరికీ హిందీ వచ్చనుకోవడంతోనే తప్పు మొదలవుతోంది. పడమటి ఒడిశా ఆడవాళ్లలో చాలామందికి తెలిసింది సంబల్‌పురి ఒక్కటే. విరేచనాలవుతున్న బిడ్డను పీహెచ్‌సీకి తెస్తే ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టి ‘నీళ్లల్ల కలిపి తాపు’ అంటారు. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. ఆ తల్లి 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ఉప్పు ఐదు రెట్లు చిక్కబడి, మందే బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. జింక్ మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. ఆ సంగతి అర్థం కాకపోతే మూడో రోజే ఆపేస్తారు. ‘సమజైందా’ అంటే ఎవరైనా తల ఊపుతారు. లీటరు సీసా ఇచ్చి, ఆమె చేతే అక్కడికక్కడ కలిపించాలి.

అన్నిటికన్నా ప్రమాదం, దుబాసీ పని మేస్త్రీకి అప్పగించడం. అడ్వాన్స్ ఇచ్చి తెచ్చినవాడు అతనే. వెయ్యి ఇటుకలకు కూలి తక్కువ కట్టారన్న ఫిర్యాదు అతని నోటి గుండా ఠాణాకు చేరేదెట్లా? నెలసరి, గర్భం సంగతులు అతని ముందు ఏ ఆడమనిషి చెప్పుకుంటుంది? నాలుగు తెలుగు ముక్కలు నేర్చిన పసిదానితో తల్లి జబ్బు చెప్పించడమూ అన్యాయమే.

సంబల్‌పురి, భోజ్‌పురి, మైథిలి తెలిసిన కొద్దిమందికి జిల్లా యంత్రాంగం గౌరవ వేతనమిచ్చి ఫోన్లో అందుబాటులో ఉంచాలి. డాక్టరు స్పీకర్ ఆన్ చేసి మాట్లాడితే చాలు. టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లకు నిక్షయ్ నంబరు (టీబీ రోగుల సర్కారీ నమోదు నంబరు) రాసిచ్చి, ఊరెళ్లేముందు అక్కడి ఆస్పత్రికి బదిలీ చేస్తే కోర్సు తెగదు. సొంతూరి రేషన్ కార్డు మీద ఇక్కడా బియ్యం తీసుకోవచ్చని డీలర్లే చెప్పాలి. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం అంటోంది. బట్టీల దగ్గర ఒడియా బడులు ఈ రాష్ట్రంలోనే నడిచాయి కూడా.

పాలమూరు లేబర్ బొంబాయిలో భాష రాక పడ్డ పాట్లు మన పెద్దలకు కొత్త కాదు. ఈసారి బట్టీలు అంటుకునేలోగా కలెక్టర్లు దుబాసీల ఫోన్ నంబరు ప్రకటించి, బట్టీ గుడిసెల దగ్గర వాళ్ల లిపిలోనే రాయించాలి. ఆ దుబాసీల్లో సగం మందైనా ఆడవాళ్లుండాలి.